బ్రామా అంటే బ్రహ్మ కాదు

తొమ్మిదో తరగతిలో మా ఫిజిక్స్ సార్ బోర్డు మీద రెండు గొట్టాల బొమ్మ గీశారు. ఒకటి సన్నది, ఒకటి లావుది. రెండూ కింద కలిసి ఉంటాయి, లోపల నీళ్లు. సన్న గొట్టం మీద చిన్న బరువు పెడితే లావు గొట్టం మీద ఏనుగు లేస్తుంది. మీ బోర్డు మీద ఏనుగుకి బదులు కారు ఉండి ఉండొచ్చు. దీని పేరు బ్రామా ప్రెస్ అని సార్ చెబితే నేను నోట్సులో బ్రహ్మ ప్రెస్ అని రాసుకున్నాను. ఇంగ్లీష్ మీడియమే, అయినా స్పెల్లింగ్ మాత్రం బ్రహ్మదే. సృష్టించేవాడు బ్రహ్మ కాబట్టి మిషన్‌కి ఆ పేరు పెట్టారేమో అనుకున్నా. యూనిట్ టెస్టులో కూడా అలాగే రాశాను. మార్కు పోలేదు.

బ్రామా ఒక మనిషి అని, ఆయన పూర్తి పేరు జోసెఫ్ బ్రామా అని నాకు తెలిసింది మొన్న మొన్ననే. అది కూడా కట్టెలు చీల్చే మిషన్ వల్ల, నేను చెప్పిన ఒక అబద్ధం వల్ల. ముందు ఆ అబద్ధం సంగతి చెప్పి తర్వాత ఆయన కథలోకి వెళ్తాను.

మాది వికారాబాద్. అనంతగిరి గుట్టకు పోయే దారిలో మా చిన్నాయనకి కట్టెల డిపో ఉంది. హైదరాబాద్ నుంచి వీకెండ్‌కి వచ్చేవాళ్లకు అనంతగిరి అంటే ఘాట్ రోడ్డు, పొగమంచు, వ్యూ పాయింట్, వేడి వేడి మొక్కజొన్న. మాకు అనంతపద్మనాభస్వామి గుడి, కార్తీకంలో జాతర, మూసీ పుట్టిన చోటు, గాలి మంచిదని గుట్ట మీద కట్టిన టీబీ దవాఖాన. అడవిలో కట్టె మేం ముట్టం, అది ఫారెస్టు వాళ్లది. డిపోకి వచ్చేది రైతులు పట్టా భూముల్లో పెంచిన జామాయిల్, గట్ల మీద కొట్టేసిన తుమ్మ, కాపు అయిపోయిన మామిడి మొద్దులు. కొనేది ఫంక్షన్ హాళ్లలో వంట చేసేవాళ్లు, ధాబాలవాళ్లు, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు ఆ ఇంటివాళ్లు.

జామాయిల్ పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలి. ఎండిందంటే గొడ్డలి ఎగిరి మీదికే వస్తది. ముడి ఉన్న తుమ్మ అయితే ఇంక చెప్పక్కర్లేదు. చిన్నాయన ఇరవై ఏళ్లు గొడ్డలితోనే చీల్చి భుజం పాడుచేసుకున్నాడు. అందుకని వెల్డింగ్ షాపులో చెప్పి ఒక హైడ్రాలిక్ మిషన్ చేయించాడు. కింద ఒక ఇనుప దూలం, దాని మీద పాత సిలిండర్, సిలిండర్ రాడ్ చివర మందపాటి గొడ్డలి మొహంలా ఉండే వెడ్జ్. మొద్దుని దూలం మీద పెట్టి లివర్ నెడితే వెడ్జ్ మెల్లగా ముందుకొచ్చి మొద్దుని చీలుస్తుంది. సిలిండర్ బోర్ 100 మిల్లీమీటర్లు. పంపు 150 బార్ ప్రెషర్ ఇస్తే వెడ్జ్ మీద పడే బలం దాదాపు 12 టన్నులు. పంపు నిమిషానికి 20 లీటర్ల నూనె తోస్తుంది కాబట్టి వెడ్జ్ సెకనుకి నాలుగు సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. నెమ్మదే, కానీ దాన్ని ఆపే తుమ్మ ముడి ఇంతవరకు రాలేదు.

దాన్ని ఆపే చెయ్యి కూడా ఉండదు. అదే నా భయం. ఒక చేత్తో మొద్దు పట్టుకుని ఇంకో చేత్తో లివర్ నెట్టడం డిపోలో అందరికీ అలవాటు. నేను సీఎస్ఈ వాణ్ని, మెకానికల్ రాదు, కానీ ఆర్డునో వచ్చు. లివర్ వాల్వ్ తీసేసి సోలెనాయిడ్ వాల్వ్ పెట్టి, రెండు బటన్లు దూరం దూరంగా బిగించాను. రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కి ఉంచితేనే వెడ్జ్ ముందుకు వస్తుంది. ఏ ఒక్కటి వదిలినా అక్కడికక్కడే ఆగిపోతుంది. అంటే వెడ్జ్ కదులుతున్నంతసేపు రెండు చేతులూ మొద్దుకి దూరంగా ఉండాల్సిందే. ఇది మాత్రం నిజంగా నేను చేసిందే.

అయితే ఆ పనిలో సిలిండర్ విప్పి పాత సీల్ తీసి కొత్తది కూడా వేశాను, వీడియో చూసి. అప్పటి నుంచి కారడం మొదలైంది. ముందుకు పోయేటప్పుడు బాగానే ఉండేది. ముడి తుమ్మలో ఇరుక్కున్న వెడ్జ్‌ని వెనక్కి లాగేటప్పుడు మాత్రం రాడ్ చుట్టూ నూనె చిమ్మేది. గ్లాండ్ గట్టిగా బిగిస్తే రాడ్ పట్టేసేది. వదులు చేస్తే మళ్లీ కారేది. నాలుగు రోజులు ఇదే లొల్లి. ఎక్కడ కారుతుందో చూద్దామని మిషన్ నడుస్తుండగా వేలు పెట్టబోతే, ట్రాక్టర్ హైడ్రాలిక్స్ రిపేర్ చేసే మెకానిక్ చాచా నా చేతి మీద ఒక్కటి కొట్టాడు. అంత ప్రెషర్‌లో వచ్చే నూనె దారం అంత సన్నగా ఉన్నా తోలు చీల్చుకుని లోపలికి పోతుందని, పైకి చిన్న చుక్కలా కనబడినా వేలు తీసేయాల్సి రావొచ్చని చెప్పాడు. ఒక అట్టముక్క అడ్డం పెట్టి కారే చోటు చూశాడు. మిషన్ ఆపించి, ప్రెషర్ వదిలించి, గ్లాండ్ విప్పి, నేను వేసిన సీల్ తీసి తిరగేసి వేశాడు. పది నిమిషాలు. మళ్లీ చుక్క కారలేదు.

తర్వాత నెలకి ఒక టెక్ ఫెస్ట్‌లో ఈ మిషన్ వీడియో, మోడల్ పెట్టాను. స్లైడ్లలో ఒకటి సీల్ రీడిజైన్ గురించి. జడ్జిగా వచ్చిన పెద్దాయన ఆ స్లైడ్ దగ్గర ఆగి, ఈ ఆలోచన ఎవరిదని అడిగారు. నాదే సార్ అన్నాను. నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యం. ఆయన ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు మాత్రం జోసెఫ్ బ్రామా గురించి చదవమని, ముఖ్యంగా ఆయన దగ్గర పనిచేసిన కుర్రాడి గురించి చదవమని చెప్పి పోయారు. నాకు రెండో బహుమతి వచ్చింది. ఆ రాత్రి హాస్టల్లో చదవడం మొదలుపెట్టాను.

జోసెఫ్ బ్రామా 1748లో ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లోని స్టెయిన్‌బరో అనే పల్లెలో పుట్టాడు. వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఇంటిపేరు మొదట బ్రామర్, తర్వాత ఆయనే దాన్ని బ్రామాగా మార్చుకున్నాడు. మామూలుగా అయితే ఆయన కూడా నాగలి పట్టాల్సినవాడే. పదహారేళ్ల వయసులో కాలికి గట్టి దెబ్బ తగిలింది, ఇంక పొలం పని కుదరదని తేలిపోయింది. దాంతో ఊళ్లోనే వడ్రంగి దగ్గర పనికి పెట్టారు. పని నేర్చుకున్నాక లండన్ బయల్దేరాడు. బండికి డబ్బుల్లేక నడిచే వెళ్లాడంటారు. కాలు బాగాలేనివాడు అంత దూరం నడవడం చదివినప్పుడు, కాలేజీ బస్సు మిస్సయితే ఇంటికి ఫోన్ చేసే నాకు కొంచెం సిగ్గేసింది.

లండన్‌లో పెద్దవాళ్ల ఇళ్లకు చెక్కపని చేస్తుండగా ఆయనకి దొరికిన పని మరుగుదొడ్లు బిగించడం. నవ్వకండి, అప్పట్లో అది లేటెస్ట్ టెక్నాలజీ. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల మేస్త్రి ఫ్లష్ చేసే దొడ్డికి పేటెంట్ తీసుకున్నాడు. దాని అడుగున పక్కకి జరిగే వాల్వ్ ఉండేది, చలికాలంలో అది గడ్డకట్టి బిగుసుకుపోయేది. దాని బదులు మడతబందు మీద తిరిగే మూత పెడితే సరిపోతుందని కనిపెట్టి, బ్రామా 1778లో తన పేరు మీద పేటెంట్ తీసుకున్నాడు. ఆ మూత ఆలోచన నిజానికి బ్రామా పనిచేసిన యజమాని అలెన్‌ది అని రాసినవాళ్లు ఉన్నారు. ఈ వాక్యం దగ్గర నేను ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఫ్యాన్ వైపు చూస్తూ పడుకున్నాను. జడ్జి సార్ నన్నెందుకు చదవమన్నారో కొంచెం కొంచెం అర్థమవుతోంది.

ఆ దొడ్ల వ్యాపారంతో డబ్బులొచ్చాయి. 1784లో తాళం పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి తాళాలు కాస్త చేయి తిరిగిన దొంగకి ఐదు నిమిషాల పని. బ్రామా తాళంలో చెవి గుండ్రంగా గొట్టంలా ఉంటుంది, దాని చివర వేర్వేరు లోతుల్లో గాట్లు. లోపల ఉన్న స్లైడ్లు అన్నీ ఒకేసారి సరిగ్గా తమ తమ లోతుకి దిగితేనే తాళం తిరుగుతుంది. ఒక్క స్లైడ్ తప్పినా అంతే సంగతులు. మన భాషలో చెప్పాలంటే, పాస్‌వర్డ్‌లో ఒక్కో అక్షరం కరెక్టో కాదో విడిగా చెప్పని సిస్టమ్. 1790లో పికడిల్లీలోని తన షాపు కిటికీలో 18 స్లైడ్లున్న తాళం ఒకటి వేలాడదీసి, దీన్ని తెరిచినవాళ్లకు 200 గినీలు ఇస్తానని బోర్డు పెట్టాడు. ఆయన బతికున్నంతకాలం ఎవరూ తెరవలేకపోయారు.

ఇబ్బంది ఇంకో వైపు వచ్చింది. ఇంత కచ్చితంగా ఉండాల్సిన తాళాన్ని చేత్తో ఆకురాయి పట్టి చేయాలంటే రోజులు పడుతుంది, ధర కొండెక్కుతుంది. తాళాన్ని చేసే మిషన్లు కావాలి. ఆ మిషన్లు చేసేవాడు కావాలి. అప్పుడే ఒక కుర్రాడి పేరు ఆయన చెవిన పడింది. పేరు హెన్రీ మాడ్‌స్లే. వూలిచ్‌లోని ఆయుధాల ఫ్యాక్టరీలో పన్నెండేళ్లకే తూటాల్లో మందు నింపే పనిలో చేరి, తర్వాత కమ్మరి పనిలో చేయి తిరిగినవాడని పేరు. 1789లో పిలిపించి చూస్తే పద్ధెనిమిదేళ్ల పిల్లాడు. ఏడేళ్ల అప్రెంటిస్ చేయలేదు. అంటే సర్టిఫికెట్ లేదు. షాపులో అరిగిపోయిన పట్టుడు ఒకటి ఇచ్చి సాయంత్రంలోపు బాగుచేయమన్నారని, చెప్పిన టైం కంటే ముందే చేసి ఇచ్చాడని, ఇంక ఎవరూ నోరెత్తలేదని ఒక కథ ఉంది. ఏడాది తిరగకముందే, పంతొమ్మిదేళ్లకే, బ్రామా అతన్ని వర్క్‌షాపు మొత్తానికి మేస్త్రిని చేశాడు. నా వయసు ఇప్పుడు పంతొమ్మిది. నేను నాలుగు రోజులు బిగించి వదిలి బిగించిన సంగతి మీకు తెలుసు.

ఇక 1795. బ్రామా ఆ ఏడాది హైడ్రాలిక్ ప్రెస్‌కి పేటెంట్ తీసుకున్నాడు. దాని వెనకున్న సూత్రం ఆయనది కాదు, ఆయనదని ఎవరూ అనలేదు కూడా. మూసి ఉన్న ద్రవంలో ఒక చోట ఒత్తిడి పెంచితే అది అన్ని వైపులకీ సమానంగా పాకుతుందని ఫ్రాన్స్‌లో బ్లేజ్ పాస్కల్ అంతకు వందేళ్ల పైన ముందే రాసిపెట్టాడు. అది బోర్డు మీద బొమ్మ. ఆ బొమ్మని ఇనుముతో చేసి పని చేయించడం వేరు. ఎందుకంటే బోర్డు మీద బొమ్మ కారదు.

లావు గొట్టంలో రామ్ పైకి లేవాలి. లేవాలంటే రామ్‌కీ గొట్టానికీ మధ్య సందు ఉండాలి. సందు ఉంటే అంత ఒత్తిడిలో నీళ్లు అందులోంచి చిమ్ముకొస్తాయి. ఆ సందులో జనపనారో తోలో కుక్కి గట్టిగా బిగిస్తే నీళ్లు ఆగుతాయి, కానీ రామ్ కూడా ఆగుతుంది. పని అయ్యాక కిందికి దిగదు. వదులు చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. మా డిపోలో నేను పడ్డ అవస్థే, రెండు వందల ఏళ్ల కింద, లండన్‌లో. ఈ ఒక్క సందు దగ్గర ప్రెస్ మొత్తం ఆగిపోయింది.

దాన్ని దాటించింది మాడ్‌స్లే అని, తర్వాతి కాలంలో మాడ్‌స్లే దగ్గర పనిచేసిన జేమ్స్ నాస్మిత్ చెప్పాడు. పరిష్కారం ఏంటంటే ఒక తోలు పట్టీ. రామ్ చుట్టూ కూర్చునే తోలు రింగుని తిరగేసిన యూ ఆకారంలో వంచి, నోరు నీళ్ల వైపు ఉండేలా పెట్టడం. నీళ్ల ఒత్తిడి పెరిగినప్పుడు నీళ్లే ఆ యూ లోపలికి దూరి దాని రెండు పెదాలనీ విడదీస్తాయి. ఒక పెదవి రామ్‌కి, ఇంకో పెదవి గొట్టానికి అతుక్కుంటాయి. ఒత్తిడి ఎంత పెరిగితే పట్టు అంత పెరుగుతుంది. ఒత్తిడి వదలగానే తోలు మెత్తబడుతుంది, రామ్ హాయిగా కిందికి జారుతుంది. ఎవరూ బిగించక్కర్లేదు, ఎవరూ వదులు చేయక్కర్లేదు. కారబోయే నీళ్లనే కారకుండా ఆపడానికి వాడుకోవడం. నేను ఇంతవరకు చదివిన కోడ్‌లో ఇంత అందమైన నాలుగు లైన్లు చూళ్లేదు.

ఇప్పుడు మా సిలిండర్ సంగతి అర్థమైందా? తోలు పోయి పాలీయూరిథేన్ వచ్చింది గాని ఆకారం అదే యూ. నేను దాని నోరు బయటి వైపు పెట్టి వేశాను. నూనె వచ్చి పెదాల్ని విడదీయాల్సింది పోయి వెనక నుంచి తోసి మూసేస్తోంది. ఒత్తిడి పెరిగినకొద్దీ ఇంకా ఎక్కువ కారుతుంది. చాచా చేసిందల్లా తిరగేయడం. ఆ తిరగేయడం వెనక ఏముందో చాచాకి తెలుసు, నాకు తెలీదు. స్లైడ్ మాత్రం నేను చేశాను.

బ్రామా దగ్గర మాడ్‌స్లే ఎనిమిదేళ్లు పనిచేశాడు. ఆ ఇంట్లో పనిచేసే సారా టిండెల్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు. జీతం వారానికి 30 షిల్లింగులు. తాళం మిషన్లు ఆయన చేతివే, ప్రెస్ ఆగకుండా నడుస్తున్నదీ ఆయన పట్టీ వల్లే. 1797లో జీతం పెంచమని అడిగాడు. బ్రామా పెంచనన్నాడు. మాడ్‌స్లే బయటికొచ్చి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ దగ్గర చిన్న షాపు పెట్టుకున్నాడు. కొన్నేళ్లలోనే కచ్చితమైన మరలు కోసే లేత్ చేశాడు. పోర్ట్స్‌మత్‌లో నౌకాదళానికి కప్పీలు తయారుచేసే మిషన్లన్నీ చేశాడు. ఇంగ్లండ్‌లో తర్వాతి తరం పెద్ద మెషిన్ ఇంజనీర్లలో చాలామంది ఆయన షాపులో చేయి తిప్పుకున్నవాళ్లే. కొన్ని షిల్లింగులు మిగిల్చి బ్రామా పోగొట్టుకున్నది అంత మనిషిని.

దీన్ని చదివి బ్రామాని విలన్ చేసేయడం సులువు. నేను కూడా ఆ రాత్రి చేసేశాను, ఎందుకంటే ఇంకొకరు విలన్ అయితే మనకి నిద్ర పడుతుంది. కానీ మిగతాది చదివాక అలా అనిపించలేదు. మాడ్‌స్లే పోయాక కూడా ఆయన ఆగలేదు. అదే 1797లో, సారాకొట్టు నేలమాళిగలోంచి బీరుని పైకి తోడే పంపుకి పేటెంట్ తీసుకున్నాడు. 1802లో చెక్క చిత్రికపట్టే మిషన్‌కి. 1806లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్ల మీద నంబర్లు వేసే మిషన్ చేశాడు. అంతకుముందు ఆ నంబర్లు గుమాస్తాలు చేత్తో రాసేవాళ్లు. ఒక వడ్రంగి, కాలు కుంటి అయినందువల్ల వడ్రంగి అయినవాడు, దొడ్డి దగ్గర్నుంచి కరెన్సీ నోటు దాకా మనిషి చేతి కష్టం ఎక్కడుందో వెతుక్కుంటూ పోయాడు. పద్ధెనిమిదేళ్ల కుర్రాణ్ని సర్టిఫికెట్ లేకపోయినా తీసుకుని పంతొమ్మిదేళ్లకే షాపు చేతిలో పెట్టింది కూడా ఈ మనిషే. ప్రతిభని చూసే కన్ను ఉంది. దాని విలువ కట్టే చెయ్యే వెనకాడింది.

సీఎస్ఈ వాళ్ల కోసం ఒక చిన్న ముక్క. బ్రామా చివరి రోజుల్లో ఆయన పిమ్లికో వర్క్‌షాపులో జోసెఫ్ క్లెమెంట్ అనే డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు. బ్రామా పోయాక క్లెమెంట్ మాడ్‌స్లే దగ్గరికి వెళ్లి, ఆ తర్వాత సొంత షాపు పెట్టాడు. చార్లెస్ బాబేజ్ తన డిఫరెన్స్ ఇంజిన్ చేయించడానికి వెతుక్కుంటూ వెళ్లింది ఆ క్లెమెంట్ దగ్గరికే. 1832లో పూర్తయిన ఆ ఇంజిన్ ముక్క ఇప్పటికీ లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. మన మొదటి సెమిస్టర్ పుస్తకంలో కంప్యూటర్ చరిత్ర బాబేజ్ ఫొటోతో మొదలవుతుంది. ఆ ఫొటో కింద క్లెమెంట్ పేరు నాకైతే కనబడలేదు.

ఇక ఆయన చావు. నా కథకి దగ్గరగా ఉన్నది ఇదే. 1814లో బ్రామాకి అరవై ఆరేళ్లు. హాంప్‌షైర్‌లోని హోల్ట్ ఫారెస్ట్‌లో పెద్ద పెద్ద చెట్లని వేళ్లతో సహా పెకలించడానికి ఆయన హైడ్రాలిక్ ప్రెస్ తీసుకెళ్లారు. గొడ్డలితో మొదలు నరకడం కాదు, భూమిలోంచి మొత్తం లాగేయడం. అక్కడ 300కి పైగా చెట్లు ఆ ప్రెస్ బలానికి లేచి వచ్చాయి. అరవై ఆరేళ్ల మనిషి ఇంట్లో కూర్చుని పేటెంట్ల మీద బతకొచ్చు. ఆయన ఆ చలిలో అడవిలో నిలబడి మిషన్ దగ్గరుండి నడిపించాడు. చలి పట్టింది, అది న్యుమోనియా అయింది. 1814 డిసెంబర్ 9న చనిపోయాడు.

ఇది చదివాక నాకు మా గుట్ట మీది దవాఖాన గుర్తొచ్చింది. ఊపిరితిత్తులు బాగవ్వాలని ఎక్కడెక్కడి నుంచో మనుషులు అడవి గాలి కోసం మా దగ్గరికి వచ్చేవాళ్లు. ఈయన ఊపిరితిత్తులు అడవి గాలికే పోయాయి. ఏనుగుని లేపే బలాన్ని చేత్తో తిప్పే పంపులోకి తెచ్చినవాడు ఒక జలుబుని ఆపలేకపోయాడు. మిషన్ మన బలాన్ని వంద రెట్లు చేస్తుంది, మనల్ని వంద రెట్లు గట్టివాళ్లని చేయదు. డిపోలో రెండు బటన్లు పెట్టేటప్పుడు నాకు ఇది లెక్కగా తెలుసు. ఇప్పుడు కథగా తెలిసింది.

ఆయన పోయాక రెండు జరిగాయి. 1849లో వేల్స్‌లో బ్రిటానియా బ్రిడ్జ్ కడుతున్నప్పుడు రైలు పోయేంత పెద్ద ఇనుప గొట్టాల్ని నీళ్ల మీది నుంచి పైకి లేపింది హైడ్రాలిక్ ప్రెస్సే. 1851లో లండన్‌లో గ్రేట్ ఎగ్జిబిషన్ జరిగినప్పుడు ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ వచ్చి, కిటికీలో అరవై ఏళ్లుగా వేలాడుతున్న ఆ తాళాన్ని తెరిచాడు. పదహారు రోజుల్లో మొత్తం 51 గంటలు పట్టింది. అంటే ఆయన గర్వంగా కిటికీలో పెట్టిన తాళం ఓడిపోయింది. ఎవరికీ కనబడకుండా సిలిండర్ లోపల ఉన్న తోలు పట్టీ మాత్రం ఓడలేదు. జేసీబీలో, లిఫ్టుల్లో, ట్రాక్టర్ ట్రాలీ లేపే జాకీలో, మా డిపో మిషన్‌లో ఇంకా అదే యూ, నోరు ఒత్తిడి వైపు పెట్టుకుని కూర్చుని ఉంది. పుస్తకంలో పేరు బ్రామా ప్రెస్. కారకుండా ఆపినవాడి పేరుతో ప్రెస్ లేదు.

ఫెస్ట్ వాళ్లకి నేను మెయిల్ రాశాను. ఆ స్లైడ్ తప్పని, సీల్ సమస్య పట్టుకున్నదీ సరిచేసిందీ వికారాబాద్‌లో ఒక మెకానిక్ అని, నా పని రెండు బటన్ల కంట్రోల్ వరకేనని రాశాను. బహుమతి వెనక్కి ఇమ్మంటే ఇస్తానని కూడా రాశాను. రాయడానికి పది నిమిషాలు పట్టింది, సెండ్ నొక్కడానికి మూడు రోజులు. వాళ్లు బహుమతి ఉంచుకోమని, సరిచేసిన స్లైడ్ పంపమని జవాబిచ్చారు.

తర్వాత సెలవుకి ఇంటికి పోయినప్పుడు చాచా షాపుకి వెళ్లి జరిగిందంతా చెప్పాను. కోప్పడతాడేమో అనుకున్నా. ముందు అసలు ఫెస్ట్ అంటే ఏంటని అడిగాడు. తర్వాత నవ్వాడు. ఆ సీల్ తిరగేయడం తనకి వాళ్ల ఉస్తాద్ నేర్పాడని, ఆ ఉస్తాద్ తనని ఒక చెంపదెబ్బ కొట్టి మరీ నేర్పాడని, నాకైతే చేతి మీదే పడింది కాబట్టి సంతోషించమని అన్నాడు. ప్రైజ్ డబ్బులో సగం ఇస్తే తీసుకోలేదు. ఈ మ్యాగజైన్‌లో పేరు వేస్తానంటే వద్దన్నాడు. పేపర్లో పేరు చూసి ఎవరూ ట్రాక్టర్ తేరు, రాయాలనుకుంటే మిషన్ మీద రాసుకో, అక్కడైతే చూసినవాడు రిపేర్‌కి నా దగ్గరికే వస్తాడు అన్నాడు. అందుకే ఇక్కడ ఆయన పేరు లేదు. డిపోలో మిషన్ నూనె ట్యాంకు మీద ఎర్ర పెయింట్‌తో మూడు పేర్లున్నాయి. మొదటిది దూలం అతికిన వెల్డర్‌ది, రెండోది చాచాది, మూడోది నాది. చాచా పేరు కింద ఫోన్ నంబర్ కూడా రాశాను, ఆయనే రాయించాడు.

డబ్బులు వద్దన్నా ఒకటి మాత్రం అడిగాడు. వాళ్లింట్లో దావత్ ఉందట, బిర్యానీ దేగ్ కింద పెట్టడానికి చింత కట్టె కావాలన్నాడు. చింత మొద్దు తుమ్మ కంటే మొండిది. ఆదివారం పొద్దున్నే డిపోకి వెళ్లి, రెండు చేతులూ రెండు బటన్ల మీద పెట్టి, ట్రాలీ నిండేదాకా నేనే చీల్చాను. వెడ్జ్ వెనక్కి వచ్చిన ప్రతిసారీ రాడ్ వైపు చూశాను. పొడిగానే ఉంది.